సాగదీసిన ఉక్కు ఫెటీగ్‌కి ఎంత ఆగుతుంది: తిరుపతిలోనే చేసుకోగల పరీక్ష, మొదటి నుంచి చివరి దాకా

ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, అంటే మెత్తని ఉక్కు) రాడ్డును యంత్రంలో బిగించి కాస్త సాగదీసి వదిలితే అది మునుపటికంటే గట్టిపడుతుంది. మెకానికల్ చదివిన ప్రతివారికీ ఇది తెలుసు. రాడ్లు వంచే మేస్త్రీకి చదవకుండానే తెలుసు. అక్కడి నుంచి చాలామంది ఇంకో అడుగు వేసేస్తారు: గట్టిపడింది కాబట్టి పదేపదే పడే లోడును కూడా ఎక్కువ కాలం ఓర్చుకుంటుందని. ఈ రెండో మాట కొన్నిచోట్ల నిజం, కొన్నిచోట్ల తలకిందులు. ఎక్కడ ఏది అవుతుందో తేల్చుకోవడానికి దూరాలు పోనక్కర్లేదు. ఒక యూటీఎం (రాడ్డును లాగి దాని బలం కొలిచే యంత్రం), ఒక రొటేటింగ్ బెండింగ్ ఫెటీగ్ యంత్రం (వంచే లోడు పెట్టి ముక్కను తిప్పుతూ ఉండేది), చేయి తిరిగిన టర్నర్, ఇంట్లో ఉండేలాంటి ఒక ఫ్రీజర్ ఉంటే చాలు. తిరుపతి చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలో ప్రాజెక్టుగా చేయాలనుకునేవారి కోసం, రేణిగుంట, గాజులమండ్యం వైపు చిన్న వర్క్‌షాపులు నడిపేవారి కోసం ఆ పద్ధతి అంతా ఇక్కడ రాస్తున్నాను.

మొదట ప్రశ్న తేల్చుకోండి

ఫెటీగ్ అంటే ఒక్కసారికి ఏమీ చేయలేని లోడు లక్షలసార్లు పడి లోహాన్ని విరగ్గొట్టడం. 1842లో ఫ్రాన్స్‌లో వెర్సాయి దగ్గర జరిగిన ఘోర రైలు ప్రమాదానికి ఇంజను ఇరుసు విరగడమే కారణం. ఆ తర్వాత కొన్నేళ్లకు జర్మనీలో అగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద ఏళ్ల తరబడి పరీక్షలు చేసి, స్ట్రెస్ (ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద పడే బలం) తగ్గేకొద్దీ ఆయుష్షు ఎలా పెరుగుతుందో చూపించాడు. ఎంత స్ట్రెస్‌కి ఎన్నిసార్లు ఆగుతుందో చూపే ఎస్-ఎన్ గ్రాఫుకు, ఈరోజు మనం గీసేదానికి, మూలం అదే. తిరుపతి రైల్వే క్యారేజీ రిపేర్ షాపుకు ఓవర్‌హాల్‌కి వచ్చే ప్రతి బోగీ ఇరుసు మోసేదీ అదే రకం లోడు. చక్రం ఒక చుట్టు తిరిగితే ఇరుసు పైపొర ఒకసారి లాగబడి, ఒకసారి నొక్కబడుతుంది. ఆ రెండూ కలిపి ఒక సైకిల్.

ఇరుసు మీద ఎంత స్ట్రెస్ పడాలో నిర్ణయించేది బోగీ బరువు. ఉక్కు గట్టిదైనా మెత్తదైనా ఆ బరువు మారదు. దీన్ని స్ట్రెస్ నియంత్రణ అంటారు. అదే ఒక పెద్ద బ్రాకెట్‌లో రంధ్రం అంచున ఉన్న చిన్న ప్రాంతం సంగతి వేరు. అక్కడ లోహం ఎంత సాగాలో, ఎంత నొక్కుకోవాలో చుట్టూ ఉన్న లోహం నిర్ణయిస్తుంది. స్ట్రెయిన్ అంటే పొడవులో ఎన్నో వంతు మార్పు వచ్చిందన్నది, కాబట్టి అది స్ట్రెయిన్ నియంత్రణ. ముందుగా సాగదీసిన ఉక్కు మొదటి రకం లోడులో సాధారణంగా కొంత లాభపడుతుంది, రెండో రకంలో సాధారణంగా కొంత నష్టపోతుంది. అందుకే మీరు ఏ లోడు గురించి అడుగుతున్నారో నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాసి పెట్టుకోండి. అది రాయకుండా మొదలుపెట్టిన ప్రాజెక్టులో చివరికి గ్రాఫులు మాత్రం ఉంటాయి, అవి దేనికి జవాబో తెలియదు.

యంత్రం ముట్టకముందే ఒక లెక్క

ఈ లెక్క పది నిమిషాల పని. అయినా మొత్తం ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

మెత్తని ఉక్కు సాగేటప్పుడు దాని నిజ స్ట్రెస్, నిజ స్ట్రెయిన్‌ని ఒక ఘాతానికి హెచ్చవేసి ఒక స్థిరాంకంతో గుణించినట్టు పెరుగుతుంది. ఉదాహరణకు స్థిరాంకం 700 మెగాపాస్కల్, ఘాతం 0.2 అనుకుందాం. 0.2 శాతం కార్బన్ ఉన్న ఉక్కుకు ఇవి నమ్మదగ్గ అంకెలే. ఈ ఉక్కు ఈల్డ్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్ట్రెస్) 250, యూటీఎస్ (తెగేలోపు మోయగల గరిష్ఠ స్ట్రెస్) లెక్క ప్రకారం 415 మెగాపాస్కల్ వస్తుంది. భారత ప్రమాణం ఐఎస్ 2062 ఈ250 గ్రేడుకు అడిగే కనీస యూటీఎస్ 410తో ఇది సరిపోతుంది.

ఇప్పుడు రాడ్డును 10 శాతం సాగదీయండి. నిజ స్ట్రెయిన్ అంటే 1.1కి సహజ లాగరిథమ్, 0.0953. దాన్ని 0.2 ఘాతానికి పెంచి 700తో గుణిస్తే 437. మళ్లీ లాగితే రాడ్డు లొంగడం మొదలయ్యేది ఈ స్ట్రెస్ దగ్గర. అంటే ఈల్డ్ 250 నుంచి 437కి, దాదాపు 75 శాతం పెరిగింది. మరి యూటీఎస్? రాడ్డు మోయగల గరిష్ఠ లోడు మారలేదు, అడ్డుకోత వైశాల్యం మాత్రం తగ్గింది. కాబట్టి కొత్త యూటీఎస్ 415ని 1.1తో గుణిస్తే వచ్చే 457. పెరుగుదల 10 శాతమే.

చాలామంది ఈల్డ్‌లో వచ్చిన 75 శాతం చూసి ఫెటీగ్ కూడా అలాగే పెరుగుతుందని ఆశపడతారు. కార్బన్ స్టీలుకు రొటేటింగ్ బెండింగ్‌లో ఫెటీగ్ హద్దు (ఎన్నిసార్లు పడినా విరగని గరిష్ఠ స్ట్రెస్) సుమారుగా యూటీఎస్‌లో సగానికి కాస్త అటూఇటూ ఉంటుంది. అది ఈల్డ్ కన్నా యూటీఎస్ వెంటే నడుస్తుంది. కనుక మీరు ఎదురుచూడాల్సిన లాభం 10 శాతం చుట్టుపక్కల. అంత చిన్న తేడా పట్టుకోవాలంటే స్పెసిమెన్ల (పరీక్షకు చెక్కిన ముక్కల) తయారీలో దోషం అంతకన్నా చాలా చిన్నదిగా ఉండాలి. ఇక ముందు చెప్పే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క కారణం వల్లే.

అదే లెక్కలో ఇంకో సూచన కూడా ఉంది. యూటీఎస్‌ని ఈల్డ్‌తో భాగిస్తే 1.4 కన్నా ఎక్కువ వచ్చిన లోహం సైకిళ్లు పడేకొద్దీ గట్టిపడుతుంది, 1.2 కన్నా తక్కువ వచ్చినది మెత్తబడుతుంది అని ఒక అనుభవ సూత్రం ఉంది. సాగదీయని రాడ్డుకు ఆ నిష్పత్తి 1.66, సాగదీసినదానికి 1.05. అంటే మీరు లాగి ఎక్కించిన గట్టిదనంలో కొంత, పరీక్షలో సైకిళ్లు పడుతున్నప్పుడు మళ్లీ దిగిపోతుంది.

రాడ్డు కొనడం

ఇనుప కొట్టుకు వెళ్లి ‘20 ఎం.ఎం. రౌండ్ రాడ్డు’ అని అడిగితే రెండు రకాలు చూపిస్తారు. ఒకటి నల్లగా, పైన పొలుసుతో ఉండే హాట్ రోల్డ్ రాడ్డు. ఇంకోటి మెరిసే బ్రైట్ బార్. చూడముచ్చటగా, కొలత కచ్చితంగా ఉంటుందని బ్రైట్ బార్ వైపు చేయి వెళ్తుంది. దాన్ని తీసుకోవద్దు. బ్రైట్ బార్లలో చాలావాటిని చల్లగా ఉండగానే డైలో లాగి తయారు చేస్తారు. అంటే ముందస్తు సాగదీత అప్పటికే ఫ్యాక్టరీలో జరిగిపోయింది, ఎంత జరిగిందో మీకు లెక్క తెలియదు. మీ ‘సాగదీయని’ గుంపు మొదటి రోజే సాగదీసినదై కూర్చుంటుంది.

నల్ల రాడ్డే తీసుకోండి. మొత్తం ప్రాజెక్టుకు సరిపడా ఒకే హీట్ (కొలిమిలో ఒకేసారి కరిగించిన ఉక్కు) నుంచి, వీలైతే ఒకే పొడవాటి రాడ్డు నుంచి కోయించండి. వారం తర్వాత ఇంకో నాలుగు ముక్కలు కావాలని వెళ్తే అవి వేరే కార్బన్, వేరే మాంగనీస్ ఉన్న ఉక్కు కావచ్చు. కోసిన ప్రతి ముక్క చివర నంబరు గుద్దించుకోండి. రసాయన విశ్లేషణకు ఒక చిన్న ముక్క పంపండి. కార్బన్‌తో పాటు నైట్రోజన్ అంకె కూడా అడగండి. అది ఎందుకో కింద వస్తుంది.

అన్ని ముక్కలనూ కలిపి ఒకేసారి నార్మలైజింగ్ చేయించడం మేలు. 0.2 శాతం కార్బన్ ఉక్కుకు 900 నుంచి 920 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసి, లోపలి దాకా వేడెక్కనిచ్చి, గాలిలో చల్లార్చాలి. రోలింగ్ మిల్లులో మిగిలిన తేడాలు చాలావరకు సర్దుకుంటాయి. ఈ పని సాగదీయక ముందే అయిపోవాలి. సాగదీశాక 600 డిగ్రీల దగ్గర స్ట్రెస్ రిలీవింగ్ చేయిస్తే మీరు ఎక్కించిన మార్పంతా చెరిగిపోతుంది. హీట్ ట్రీట్‌మెంట్ చేసేవారికి ఈ వరుస కాగితం మీద రాసివ్వండి.

సాగదీయడం

ముందు రెండు మూడు ముక్కలను తెగేదాకా లాగి పూర్తి స్ట్రెస్-స్ట్రెయిన్ గ్రాఫు తీయండి. అందులో ఈల్డ్ దగ్గర ఒక మెట్టు కనిపిస్తుంది. లోడు పైకి వెళ్లి, చటుక్కున కాస్త పడి, సమంగా ముందుకు సాగి, ఆపైన మళ్లీ ఎక్కుతుంది. ఆ సమంగా ఉన్న భాగంలో రాడ్డు అంతా ఒకేలా సాగదు. లూడర్స్ పట్టీలు అనేవి ఒక చివర మొదలై రాడ్డు పొడవునా పాకుతాయి. పట్టీ దాటిన భాగం ఒకటి రెండు శాతం సాగి ఉంటుంది, దాటని భాగం అసలు సాగి ఉండదు. సరిగ్గా మధ్యలో యంత్రం ఆపి ‘1 శాతం ప్రీ-స్ట్రెయిన్’ అని రాసుకుంటే, ఆ రాడ్డులో ఒక సగం 2 శాతం, ఇంకో సగం సున్నా. సగటు మాత్రమే 1. అందువల్ల మీ కనీస స్థాయి ఆ మెట్టు ముగిసిన తర్వాతే ఉండాలి. 3, 5, 10 శాతం తీసుకోవచ్చు. పై హద్దు మెడపడటం (రాడ్డు ఒకేచోట సన్నబడటం) మొదలయ్యే స్ట్రెయిన్‌కి బాగా ఇవతల ఉండాలి. పైన వేసిన లెక్కలో అది దాదాపు 22 శాతం, కాబట్టి 10 దగ్గర భయం లేదు.

చేతిలో ఉన్న సమయం తక్కువైతే స్థాయిలు తగ్గించుకోండి, స్పెసిమెన్లు తగ్గించవద్దు. సున్నా, 5 శాతం అనే రెండు గుంపులను నిండుగా చేయడం, ఆరు గుంపులను అరకొరగా చేయడం కంటే ఎంతో మేలు.

లాగే ముందు రాడ్డు మీద ప్రతి 10 మిల్లీమీటర్లకు ఒక సన్నని గీత గీయండి. లాగిన తర్వాత ఒక్కో గీత మధ్య దూరం వెర్నియర్‌తో కొలవండి. 5 శాతం అనుకున్నచోట ఎక్కడైనా 6 వస్తే ఆ భాగం నుంచి స్పెసిమెన్ తీయవద్దు. వ్యాసం కూడా సాక్ష్యం చెబుతుంది. లోహం ఘనపరిమాణం మారదు కాబట్టి 20 మిల్లీమీటర్ల రాడ్డు 5 శాతం సాగితే 19.52కి, 10 శాతం సాగితే 19.07కి రావాలి. మైక్రోమీటర్ పెట్టి మూడు చోట్ల, రెండేసి దిక్కుల్లో చూడండి.

లోడు తీసేశాక రాడ్డు కొంచెం వెనక్కి వస్తుంది. 300 మిల్లీమీటర్ల పొడవు మీద 10 శాతం దగ్గర ఇది అర మిల్లీమీటరు పైచిలుకు. కనుక మీకు కావలసినదానికి ఆ మేరకు కలిపి లాగాలి. 20 మిల్లీమీటర్ల రాడ్డును 10 శాతం సాగదీయడానికి 125 కిలోన్యూటన్లు, అంటే 13 టన్నుల లోపే చాలు. కాలేజీ ల్యాబుల్లో ఉండే 40 టన్నుల యూటీఎం దీన్ని సునాయాసంగా చేస్తుంది. లాగే వేగం అన్ని రాడ్లకూ ఒకటే ఉంచండి. లాగిన తేదీ, గంట రాడ్డు మీదే రాయండి. ఆ గంట ఎందుకో ఇప్పుడు చెబుతాను.

ఎండాకాలం, ఫ్రీజర్, మరిగే నీళ్లు

సాగదీసిన మెత్తని ఉక్కు బల్ల మీద ఊరికే పడి ఉన్నా మారుతూనే ఉంటుంది. సాగినప్పుడు లోహపు స్ఫటికాల్లో డిస్లొకేషన్లు అనే లోపరేఖలు కోకొల్లలుగా పుడతాయి, అవి స్వేచ్ఛగా కదులుతాయి. ఉక్కులో కరిగి ఉన్న కార్బన్, నైట్రోజన్ అణువులు మెల్లగా పాకుతూ వచ్చి ఆ రేఖల చుట్టూ చేరి వాటిని కదలకుండా పట్టేస్తాయి. కాట్రెల్, బిల్బీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1949లో దీన్ని సిద్ధాంతంగా వివరించారు. దీనికి స్ట్రెయిన్ ఏజింగ్ అని పేరు. లాగిన వెంటనే మాయమైన ఈల్డ్ మెట్టు ఏజింగ్ తర్వాత, ఇంకా పై స్ట్రెస్ దగ్గర, మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఫెటీగ్‌లో దీని ప్రభావం పెద్దది. లాగిన వెంటనే పరీక్షించిన ఉక్కులో డిస్లొకేషన్లు విడిగా తిరుగుతుంటాయి కాబట్టి, కొద్దిగా మాత్రమే సాగదీసినప్పుడు ఫెటీగ్ హద్దు పెరగకపోగా తగ్గవచ్చు కూడా. ఏజింగ్ జరిగాక అదే ఉక్కు బాగా పుంజుకుంటుంది.

ఇందులో మన ఊరి వాతావరణానికి నేరుగా భాగం ఉంది. ఈ అణువుల నడక వేడిని బట్టి మారుతుంది. 25 డిగ్రీల దగ్గర ఎంత వేగమో, మే నెలలో ఏసీ లేని ల్యాబు 42 డిగ్రీలకు చేరినప్పుడు దానికి ఐదారు రెట్లు. 100 డిగ్రీల దగ్గర ఒక్క గంట, 25 డిగ్రీల దగ్గర దాదాపు నెల రోజులతో సమానం. డిసెంబరులో చేసిన పరీక్షకూ, మేలో చేసిన పరీక్షకూ ఫలితాలు కలవలేదంటే యంత్రాన్ని అనుమానించే ముందు క్యాలెండరు చూడాలి.

కాబట్టి సాగదీసిన రాడ్లను రెండు గుంపులు చేయండి. మొదటి గుంపు ఏజింగ్ పూర్తయినది. దీన్ని మరిగే నీళ్లలో గంటసేపు ఉంచండి. తిరుపతి ఎత్తులో నీరు దాదాపు 100 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి ఓవెన్ కన్నా ఇది నమ్మకమైనది, ఉష్ణోగ్రత అటూఇటూ పోదు. తుప్పు వస్తుందే అనుకోవద్దు. లేత్ పనికి ముందే ఈ పని చేస్తే ఆ పైపొర అంతా చెక్కుకుపోతుంది. రెండో గుంపు ఏజింగ్ కానిది. దీన్ని లాగిన అరగంటలో ఫ్రీజర్‌లో పెట్టండి. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఈ నడక గది ఉష్ణోగ్రతలో ఉన్నదానిలో కొన్ని వందల వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది, అంటే ఆగిపోయినట్టే. నూనె పూసి, పాలిథిన్ కవరులో గాలి లేకుండా చుట్టి పెట్టండి. బయటికి తీశాక కవరు విప్పకుండానే గది వేడికి రానివ్వండి, లేదంటే తేమ పట్టి పైపొరంతా తుప్పు చుక్కలు పడతాయి. ఫ్రీజర్‌లోంచి తీసింది మొదలు పరీక్ష ముగిసేదాకా గడిచిన గంటలు ప్రతి స్పెసిమెన్‌కీ రాయాలి.

సాగదీయని గుంపులో సగాన్ని కూడా మరిగే నీళ్లలో ఉంచడం మరవద్దు. ఆ గంట వేడి వల్ల మాత్రమే ఏం మారిందో తెలియాలి కదా.

టర్నింగ్, పాలిషింగ్

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. పెద్ద రాడ్డును సాగదీసి దాంట్లోంచి స్పెసిమెన్ తీయవచ్చు, లేదా తయారైన స్పెసిమెన్‌నే సాగదీయవచ్చు. మొదటి దారిలో సాగదీత వల్ల పైపొర మీద వచ్చిన గరుకుదనం చెక్కుకుపోయి, లోహం లోపలి మార్పు ఒక్కటే మిగులుతుంది. రెండో దారిలో గరుకుదనం కూడా పరీక్షలో పాల్గొంటుంది. లోహం స్వభావం తెలుసుకోవడమే మీ ఉద్దేశమైతే మొదటిదే చేయండి. ఇక్కడి వివరాలన్నీ దానికే.

టర్నర్‌తో ఒక పూట కూర్చుని మాట్లాడుకోవడం ఈ పనిలో భాగమే. మన లేత్ షాపుల్లో మేస్త్రీలు కొలత తేవడంలో దిట్టలు. కానీ ఫెటీగ్ స్పెసిమెన్‌కి కొలతతో పాటు చివరి కోతలు ఎలా పడ్డాయన్నదీ ముఖ్యమని వారికి ఎవరూ చెప్పి ఉండరు. చివరి రెండు మూడు కోతలు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల లోతుకు మించకూడదు. టూలు పదునుగా ఉండాలి, కూలెంట్ ధారగా పడుతుండాలి. మొద్దు టూలు పైపొరను రుద్ది ఇంకో కొత్త సాగదీత ఎక్కిస్తుంది, వేడి ఏజింగ్ చేస్తుంది. రెండూ మీరు కొలవాలనుకున్నదాన్ని కలుషితం చేసేవే. అన్ని గుంపులనూ ఒకే మేస్త్రీ, ఒకే లేత్, కలగలిపిన వరుసలో తిప్పాలి. ఒక గుంపంతా సోమవారం, ఇంకో గుంపంతా శుక్రవారం చేస్తే టూలు అరుగుదలే మీ ఫలితమై కూర్చుంటుంది.

తర్వాత ఎమరీ కాగితం 220తో మొదలుపెట్టి 400, 600, 1000 దాకా. చివరి రుద్దుడు స్పెసిమెన్ పొడవునా సాగాలి, చుట్టూ కాదు. చుట్టూ మిగిలిన ఒక్క గీత చాలు, పగులు అక్కడే మొదలవుతుంది. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం పెట్టి, స్పెసిమెన్‌ను కిటికీ వెలుతురులో మెల్లగా తిప్పుతూ చూడండి. అడ్డగీత వెలుతురును వెండి తీగలా పట్టిస్తుంది. అది కనిపిస్తే ఒక కాగితం వెనక్కి వెళ్లి మళ్లీ రుద్దండి.

వ్యాసం కొలవడంలో పట్టుదల ఎందుకో చూడండి. బెండింగ్ స్ట్రెస్ వ్యాసం ఘనానికి విలోమంగా మారుతుంది. 8 మిల్లీమీటర్ల స్పెసిమెన్‌లో 0.1 మిల్లీమీటరు తప్పు చదివితే స్ట్రెస్‌లో దాదాపు 4 శాతం తప్పు. ఎస్-ఎన్ గ్రాఫు వాలు వల్ల ఆ 4 శాతం ఆయుష్షులో ఒకటిన్నర రెట్ల తేడాగా బయటపడుతుంది. మీరు వెతుకుతున్న లాభమే 10 శాతం చుట్టూ అని గుర్తుంచుకోండి. మైక్రోమీటర్‌ను పాలిష్ చేసిన భాగం మీద గట్టిగా బిగించి గుర్తు పడనివ్వవద్దు.

యంత్రం మీద

నిమిషానికి 4,200 చుట్లు తిరిగే యంత్రం మీద పది లక్షల సైకిళ్లకు నాలుగు గంటలు పడుతుంది. కోటి సైకిళ్లకు దాదాపు 40 గంటలు. కార్బన్ స్టీలుకు కోటి సైకిళ్లు దాటినా విరగకపోతే ‘ఆగింది’ అని రాసుకుని దించేయడం వాడుక. రాత్రంతా తిరగాలి కాబట్టి కరెంటు సంగతి, వాచ్‌మన్ అనుమతి ముందే చూసుకోండి. స్పెసిమెన్ విరిగినప్పుడు ఆటోమేటిక్‌గా ఆగే స్విచ్ పనిచేస్తోందా, పైన కవచం మూసి ఉందా అనేది ప్రతిసారీ చూడాలి.

ప్రతి గుంపుకూ ఆరు నుంచి పన్నెండు స్పెసిమెన్లు వాలు భాగానికి కావాలి. ఫెటీగ్ హద్దు కోసం స్టెయిర్‌కేస్ పద్ధతిలో ఇంకో పదిహేను ఉంటే అంకె మీద నమ్మకం కలుగుతుంది. ఆ పద్ధతి సులువే. ఒకటి విరిగితే తర్వాతిదాన్ని ఒక మెట్టు తక్కువ స్ట్రెస్‌లో, ఆగితే ఒక మెట్టు ఎక్కువ స్ట్రెస్‌లో పెడుతూ పోతారు. మెట్టు 10 మెగాపాస్కల్ ఉంటే సరిపోతుంది.

కోటి సైకిళ్లు ఆగిన స్పెసిమెన్‌ను వృథా చేయడం ఎందుకని దాన్నే ఎక్కువ స్ట్రెస్‌లో మళ్లీ ఎక్కించాలని అనిపిస్తుంది. కార్బన్ స్టీలులో ఆ పని చేయకూడదు. హద్దుకు కొంచెం కింద లక్షల సైకిళ్లు తిరిగిన ఉక్కు తిరుగుతూనే ఏజింగ్ అయి బలపడుతుంది. దీన్ని కోక్సింగ్ అంటారు. అలా రెండోసారి ఎక్కించిన స్పెసిమెన్ కొత్తదానికన్నా ఎక్కువ ఆగుతుంది, మీ గ్రాఫు అబద్ధం చెబుతుంది. ఏజింగ్ కాని గుంపుకు మధ్యలో కరెంటు పోయి గంటలకొద్దీ యంత్రం ఆగినా ఇదే చిక్కు. ఆ స్పెసిమెన్ పక్కన గుర్తు వేసి, లెక్కలో కలపాలా వద్దా అని ముందే పెట్టుకున్న నియమం ప్రకారం నడుచుకోండి.

స్ట్రెయిన్ నియంత్రణలో పరీక్షించాలంటే సర్వో-హైడ్రాలిక్ యంత్రం, ఎక్స్‌టెన్సోమీటర్ (సాగుడు కొలిచే పరికరం) కావాలి. అవి ఉన్న సంస్థను ముందుగా అడిగి సమయం తీసుకోవాలి. ఆ అవకాశం దొరికితే మొదటి పది లూపులను (ఒక్కో సైకిల్‌కి స్ట్రెస్-స్ట్రెయిన్ గ్రాఫు గీసే వలయాలను) తప్పకుండా దాచుకోండి. లాగి సాగదీసిన ఉక్కును నొక్కడం మొదలుపెడితే అది ఊహించినదానికన్నా ముందే లొంగుతుంది. మ్యూనిక్‌కి చెందిన బౌషింగర్ 19వ శతాబ్దంలోనే గుర్తించిన విషయం ఇది. ఆ మొదటి లూపు ఆకారంలోనే అది కళ్లకు కడుతుంది. పెద్ద స్ట్రెయిన్ల దగ్గర సైకిళ్లు పడేకొద్దీ సాగదీసిన ఉక్కు లూపు, సాగదీయని ఉక్కు లూపు దగ్గరవుతూ దాదాపు ఒకటైపోతాయి. చిన్న స్ట్రెయిన్ల దగ్గర పాత జ్ఞాపకం నిలిచిపోతుంది.

ఫలితాలు చదవడం

ఆయుష్షుల సగటు తీసేటప్పుడు లాగరిథమ్‌లోనే తీయండి. రెండు లక్షలు, ఎనిమిది లక్షలు ఆగిన రెండు స్పెసిమెన్ల సగటు ఐదు లక్షలు కాదు, నాలుగు లక్షలు. ఒకే స్ట్రెస్‌లో రెండు మూడు రెట్ల చెదురు మామూలే కాబట్టి, రెండు గుంపుల చుక్కలు ఒకదానిమీద ఒకటి పడుతుంటే ‘తేడా కనపడలేదు’ అని రాయడమే నిజాయితీ. అది చిన్న ఫలితం కాదు.

ఒకే దత్తాంశాన్ని రెండు గ్రాఫులుగా గీయండి. ఒకదానిలో నిలువు గీత మీద స్ట్రెస్ ఉన్నదున్నట్టు. రెండోదానిలో ఆ స్ట్రెస్‌ని ఆ గుంపు కొత్త యూటీఎస్‌తో భాగించి. మొదటి గ్రాఫులో విడివిడిగా ఉన్న గీతలు రెండోదానిలో కలిసిపోతే, లాభమంతా బలం పెరగడం వల్లే వచ్చిందన్నమాట. కలవకుండా ఏజింగ్ గుంపు పైన, ఏజింగ్ కానిది కింద నిలబడితే, మీ ప్రాజెక్టులో చెప్పాల్సిన అసలు కథ అదే.

విరిగిన ముఖాలను పారేయవద్దు. పగులు ఎక్కడ మొదలైందో ప్రతిదానికీ చూడండి. పైపొర మీద గీత దగ్గరా, లోపల మాంగనీస్ సల్ఫైడ్ చుక్క దగ్గరా అన్నది రాయండి. గీత దగ్గర మొదలైనవన్నీ ఒకే గుంపులో ఉంటే తేడా పాలిషింగ్‌ది, సాగదీతది కాదు.

గాడి ముందా, సాగదీత ముందా

నునుపైన స్పెసిమెన్ మీద వచ్చిన ఫలితాన్ని గాడి ఉన్న భాగానికి నేరుగా అంటించకూడదు. రాడ్డును సాగదీసి తర్వాత గాడి తీస్తే, గాడి అంచున ఉన్నది సాగి గట్టిపడిన లోహం. గట్టి ఉక్కు గాడికి మెత్తని ఉక్కు కన్నా ఎక్కువ భయపడుతుంది, కాబట్టి ఇక్కడ లాభం కరిగిపోవచ్చు. అదే గాడి ముందు తీసి తర్వాత లాగితే కథ మారిపోతుంది. గాడి అడుగున ఉన్న చిన్న ప్రాంతం ఈల్డ్ దాటి సాగుతుంది, చుట్టూ ఉన్నది దాటదు. లోడు తీసేశాక చుట్టూ ఉన్న లోహం వెనక్కి ముడుచుకుంటూ గాడి అడుగును నొక్కి పట్టి ఉంచుతుంది. పగులు తెరుచుకోవడానికి ఆ నొక్కుడే అడ్డు, ఆయుష్షు బాగా పెరుగుతుంది. ముందుగా లాగే బదులు నొక్కితే సరిగ్గా దీనికి వ్యతిరేకం, గాడి అడుగున లాగే స్ట్రెస్ మిగిలి పగులును ఆహ్వానిస్తుంది. రిపోర్టులో వరుసను స్పష్టంగా రాయండి.

వర్క్‌షాపులవారికి దీనివల్ల పని ఏమిటంటే, వంగిన షాఫ్టులు. చిత్తూరు వైపు బెల్లం తయారుచేసేచోట్ల చెరకు గానుగ షాఫ్టు వంగితే ప్రెస్సులో పెట్టి సరిచేసి పంపడం మామూలు. సరిచేయడమంటే ఒక పక్క లోహాన్ని ఈల్డ్ దాటించి లాగడం, ఎదురు పక్కను ఈల్డ్ దాటించి నొక్కడం. వదిలేశాక లాగిన పక్కన నొక్కే స్ట్రెస్ మిగులుతుంది, అది మంచిదే. నొక్కిన పక్కన, అంటే మొదట ఉబ్బెత్తుగా ఉన్న పక్కన, లాగే స్ట్రెస్ మిగులుతుంది. షాఫ్టు తిరిగేది కాబట్టి ఆ బలహీనమైన పక్క కూడా ప్రతి చుట్టులో లాగబడుతుంది, మిగిలిన స్ట్రెస్ దానికి తోడవుతుంది. సరిచేసే ముందే ఉబ్బెత్తు పక్కన పెయింటుతో గుర్తు పెట్టండి. కీవే (కీ బిగించే గాడి) ఆ పక్కనే ఉంటే సరిచేయకుండా కొత్త షాఫ్టు వేయమని రైతుకు చెప్పండి. కీవే అటు పక్క లేకపోతే సరిచేసి, పగుళ్లను రంగుతో చూపే డై పెనిట్రెంట్ స్ప్రే కొట్టి పగుళ్లు లేవని చూసి పంపండి. గానుగ సీజను మధ్యలో ఒకసారి ఆ గుర్తు ఉన్న చోటే మళ్లీ స్ప్రే కొట్టి చూడమని చెప్పండి.